ముప్పై సంతకాల ఓపిక

గచ్చిబౌలిలో ‘డీఎల్‌ఎఫ్‌కి పోదాం పద’ అంటే ఐటీ కుర్రాళ్లకు ముందు గుర్తొచ్చేది తిండి. డీఎల్‌ఎఫ్ కార్యాలయ భవనాల దగ్గర వెలసిన ఆ బండ్ల వీధికి కంపెనీ పేరే స్థిరపడిపోయింది. క్రికెట్ అభిమానులకైతే ఐపీఎల్ తొలి ఐదేళ్లలో సిక్సర్ పడ్డప్పుడల్లా వినిపించిన ‘డీఎల్‌ఎఫ్ మ్యాగ్జిమమ్’ గుర్తుంటుంది. ఆ మూడక్షరాలకు పూర్తి పేరు ఢిల్లీ ల్యాండ్ అండ్ ఫైనాన్స్. దాన్ని దేశంలో అతిపెద్ద రియల్ ఎస్టేట్ కంపెనీల్లో ఒకటిగా నిలబెట్టినవారు కుశాల్ పాల్ సింగ్. అందరూ కె.పి.సింగ్ అంటారు. 2008లో ఫోర్బ్స్ పత్రిక ప్రపంచ సంపన్నుల జాబితా వేస్తే ఆయనది ఎనిమిదో స్థానం. అప్పటి లెక్క ప్రకారం ఆస్తి విలువ 3,000 కోట్ల డాలర్లు.

మన దగ్గర రియల్ ఎస్టేట్‌లోకి దిగే యువకులకు కొదవ లేదు. ఏజెంటుగా మొదలుపెట్టి, నాలుగు ప్లాట్లు అమ్మించి, ఆ తర్వాత సొంత వెంచర్ వేయాలని కలలు కంటారు. వాళ్లలో ఎవరిని కదిలించినా వినిపించే మాట ఒకటే: ‘పెట్టుబడి లేదన్నా, ఉంటే నేనేంటో చూపించేవాణ్ణి.’ ఈ వ్యాసం ముందుగా వాళ్ల కోసం. వేరే వ్యాపారంలో, ఉద్యోగంలో ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. ఎందుకంటే నేను చెప్పబోయేది గజం ధర గురించి కాదు. ముక్కూమొహం తెలియని మనిషి తన జీవితకాలపు ఆస్తిని మన చేతిలో ఎందుకు పెడతాడు, పెట్టాక మనం ఎలా ఉండాలి అన్నదాని గురించి.

ముందే ఒక మాట. కె.పి.సింగ్ పూరిగుడిసెలోంచి లేచివచ్చినవారు కాదు. డీఎల్‌ఎఫ్‌ను 1946లో స్థాపించింది ఆయన మామగారు చౌధరీ రాఘవేంద్ర సింగ్. కాబట్టి ‘కష్టపడితే ఎవరైనా ఆయనంతవారు కావచ్చు’ అని రాసి మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ ఆయన చేతికి వచ్చేనాటికి ఆ కంపెనీ ఏ స్థితిలో ఉందో చూస్తే, అందులోంచి ఏం నేర్చుకోవచ్చో తెలుస్తుంది.

ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ ఆయన సొంత ప్రాంతం. విమాన ఇంజనీరింగ్ చదువుదామని ఇంగ్లండ్ వెళ్లి, అక్కడ ఉండగానే భారత సైన్యానికి ఎంపికయ్యారు. చేరిన దళం దక్కన్ హార్స్. 1790లో నిజాం అశ్వికదళంగా మొదలైంది కాబట్టి దానికీ మన హైదరాబాద్‌కూ పాత బంధుత్వం ఉంది. సైన్యంలో ఉండగానే రాఘవేంద్ర సింగ్ కుమార్తె ఇందిరతో పెళ్లయింది.

ఆ కాలంలో మామగారి వ్యాపారం ఒక వెలుగు వెలిగింది. దేశ విభజనతో లక్షలమంది కాందిశీకులు ఢిల్లీకి చేరారు. వాళ్లకు ఇళ్లు కావాలి. 1949లో కృష్ణానగర్‌తో మొదలుపెట్టి మోడల్ టౌన్, రాజౌరీ గార్డెన్, సౌత్ ఎక్స్‌టెన్షన్, గ్రేటర్ కైలాష్, హౌజ్ ఖాస్ లాంటి కాలనీలు డీఎల్‌ఎఫ్ వేసినవే. ఇవాళ కోట్లు పోసినా గజం దొరకని చోట్లు. ఆ తర్వాత 1957లో ఢిల్లీ అభివృద్ధి చట్టం వచ్చింది. రాజధానిలో భూమి అభివృద్ధి ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్లింది, ప్రైవేటువాళ్లకు తలుపులు మూసుకున్నాయి. నిన్నటిదాకా కాలనీ మీద కాలనీ వేసిన కంపెనీకి పని లేకుండా పోయింది.

కె.పి.సింగ్ సైన్యం వదిలి 1960లో చేరింది రియల్ ఎస్టేట్‌లో కాదు. అమెరికా కంపెనీ భాగస్వామ్యంతో కుటుంబం పెట్టిన అమెరికన్ యూనివర్సల్ ఎలక్ట్రిక్ అనే మోటార్ల ఫ్యాక్టరీలో. తర్వాత విల్లార్డ్ బ్యాటరీల కంపెనీ. ఇలా దాదాపు ఇరవై ఏళ్లు మోటార్లూ బ్యాటరీలతోనే గడిచాయి. 1979లో ఆ మోటార్ల కంపెనీ డీఎల్‌ఎఫ్‌లో విలీనమయ్యాక గానీ ఆయన మేనేజింగ్ డైరెక్టర్ కుర్చీలో కూర్చోలేదు. అప్పటికి వయసు యాభైకి దగ్గర పడుతోంది.

ముప్పై ఏళ్లకే ‘నా లైఫ్ సెటిల్ కాలేదు’ అని దిగులుపడేవాళ్లు ఈ సంగతి కాస్త ఆగి చదవాలి. ఆ ఇరవై ఏళ్లూ వృథా పోలేదు. విదేశీ భాగస్వాములతో ఎలా మాట్లాడాలి, ఒప్పందం ఎలా రాసుకోవాలి, అమెరికా కంపెనీ ఒక ఆఫీసు స్థలాన్ని చూసేటప్పుడు ఏం గమనిస్తుంది - ఇవన్నీ ఆ ఫ్యాక్టరీల్లో ఒంటబట్టాయి. తర్వాత గుర్‌గావ్‌కు విదేశీ కంపెనీలను రప్పించడంలో అక్కరకొచ్చింది ఈ అనుభవమే. మీరిప్పుడు చేస్తున్నది మీకు ఇష్టమైన పని కాకపోవచ్చు. హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాస్తుండవచ్చు, బ్యాంకులో లోన్ ఫైళ్లు చూస్తుండవచ్చు, డాక్యుమెంట్ రైటర్ దగ్గర దస్తావేజులు టైపు చేస్తుండవచ్చు. తిట్టుకుంటూ రోజులు నెట్టకండి. ఇక్కడ తప్ప ఇంకెక్కడా నేర్చుకోలేని విద్య ఏముందో చూసి దాన్ని పూర్తిగా పట్టండి. లోన్ ఫైళ్లు చూసే కుర్రాడికి ఏ లింకు డాక్యుమెంటు లేకపోతే బ్యాంకు వెనక్కి పంపుతుందో తెలుస్తుంది. రేపు స్థలం కొనేటప్పుడు ఆ చూపు విలువ లక్షల్లో ఉంటుంది.

చార్పాయి మీద కూర్చుని కొన్న నగరం

1970ల చివర్లో డీఎల్‌ఎఫ్ దగ్గర చెప్పుకోదగ్గ ఆస్తి అంటే గుర్‌గావ్ పక్కన చక్కర్‌పూర్‌లో ఉన్న సుమారు 40 ఎకరాలు. మామగారు తన వాటాలు అమ్మేసి చేతులు దులుపుకుందామనుకున్నారు. వద్దని ఆపి బాధ్యత నెత్తికెత్తుకున్నది అల్లుడే. గుర్‌గావ్ అప్పుడు నగరం కాదు. ఎండలకు బీటలు తీసే నేల, నీటి ఎద్దడి, చిన్న చిన్న కమతాలు. కానీ పక్కనే పాలం విమానాశ్రయం ఉంది. ఢిల్లీ పెరిగి పెరిగి సరిహద్దు దాటక తప్పదు. అటువైపు హర్యానాలో 1975 నాటి చట్టం ప్రకారం లైసెన్సు తెచ్చుకుంటే ప్రైవేటువాళ్లు కాలనీ వేయవచ్చు. 1981లో ఆ లైసెన్సు వచ్చింది.

నలభై ఎకరాలతో నగరం కాదు కదా, పెద్ద కాలనీ కూడా కాదు. భూమి కావాలి. డబ్బు లేదు. సరిగ్గా మన కుర్రాళ్లు ఆగిపోయే చోటే ఆయనా నిలబడ్డారు.

ఆ తర్వాత ఏం చేశారో ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. అక్కడ ఒక్కో కుటుంబానికి నాలుగైదు ఎకరాలుండేవి. చాలావరకు ఉమ్మడి ఆస్తి. మచ్చలేని హక్కు కావాలంటే ఇంట్లో పెద్దవాళ్లందరి సంతకాలూ ఉండాలి. ఒక్క దస్తావేజుకు ముప్పైమంది దాకా తేలేవారు. ఆయన కుర్తా వేసుకుని ఊళ్లలోకి వెళ్లారు. రైతుల వాకిట్లో చార్పాయి (నులకమంచం) మీద కూర్చున్నారు. ఈగలు ముసిరిన గ్లాసులో పాలిస్తే తాగారు. పెళ్లిళ్లకు హాజరయ్యారు, జబ్బు పడితే పలకరించి వచ్చారు. వారాలు, నెలలు ఇదే పని. సైన్యంలో అధికారిగా చేసి, విదేశీ కంపెనీలతో వ్యాపారం చేసిన మనిషి ఇదంతా బ్రోకర్లకు వదిలేయవచ్చు. వదల్లేదు.

పెళ్లయి అత్తారింటికి వెళ్లిన ఆడపిల్లల సంతకాల దగ్గర చిక్కు వచ్చేది. భూమి అమ్మిన సొమ్ములో వాళ్లకు వాటా ఇవ్వడానికి ఇంటి పెద్ద ఒప్పుకునేవాడు కాదు. వాళ్ల సంతకం లేకపోతే హక్కు పక్కా కాదు. అందుకని ఆయన ఆ ఆడపిల్లలుండే ఊళ్లకు వెళ్లి, ఇంట్లోవాళ్లకు తెలియకుండా వాళ్ల డబ్బు వాళ్లకు ఇచ్చేవారట. మన తెలుగు నేల మీద ఈ కథ ఎవరికీ కొత్త కాదు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. అయినా ఇవాళ్టికీ ‘చెల్లెలి సంతకం తర్వాత చూద్దాంలే’ అని బయానా పుచ్చుకునే అన్నలున్నారు, సరేనని ఇచ్చే కొనుగోలుదారులున్నారు. పదేళ్ల తర్వాత ఆ చెల్లెలు కోర్టుకెక్కితే తప్పంతా ఆమెదే అన్నట్టు మాట్లాడతారు. రహస్యంగా ఇవ్వాల్సి రావడం నాకు బాధ కలిగిస్తుంది. అయినా ఆమె సంతకానికి ఆమెకే విలువ కట్టి ఇచ్చిన పద్ధతిని గౌరవిస్తాను. దగ్గరి దారి ఎదురుగా ఉన్నప్పుడు, ముప్పయ్యో సంతకం కోసం ఇంకో ఊరు వెళ్లడమే మనిషి నిలకడ.

ఇక డబ్బు సంగతి. ఒక రైతుకు భూమి డబ్బు చెల్లించేవారు. ఆ రైతే దాన్ని వడ్డీకి తిరిగి ఆయనకు అప్పిచ్చేవాడు. ఆ సొమ్ముతో పక్క రైతు భూమి కొనేవారు. అతనూ అంతే. గుర్‌గావ్‌లో కొన్న సుమారు 3,500 ఎకరాల్లో సగానికి పైగా ఇలా అరువు మీదనే వచ్చిందని, ఒక్క రైతు కూడా కోర్టుకు వెళ్లలేదని ఆయన చెబుతారు. ఊరికే ఇస్తారా? ప్రతి నెలా 3వ తేదీ ఉదయం 10 గంటలకు వడ్డీ డబ్బు రైతు ఇంటికి చేరేది. వాన పడినా, ఎండ కాసినా. రైతు ఆఫీసు చుట్టూ తిరగలేదు, గుమాస్తా ముందు నిలబడలేదు.

ఎందుకంత పట్టుదల? లెక్క చూడండి. ఒక ఊళ్లో ఒక్క రైతుకు ఒక్క నెల ఆలస్యమైతే సాయంత్రానికి ఆ సంగతి ఊరంతా తెలుస్తుంది. మర్నాటికి పొరుగూరు చేరుతుంది. మూడో రోజున పదిమంది రైతులు వచ్చి ‘మా అసలు మాకిచ్చేయండి’ అంటారు. అందరికీ ఒకేసారి ఇవ్వడానికి ఏ వ్యాపారి దగ్గరా డబ్బుండదు. అక్కడితో కొనుగోళ్లు ఆగిపోతాయి, కొన్నది కూడా చెయ్యిజారుతుంది. అంటే 3వ తేదీన చేరిన ఆ చిన్న మొత్తాలే ఆ వేల ఎకరాలను పట్టి నిలిపాయి. పెట్టుబడి లేదని వాపోయే తమ్ముడికి నేను చెప్పేది ఇదే. ఎవరూ మొదటి రోజునే కోటి రూపాయలు నమ్మి ఇవ్వరు. వెయ్యి రూపాయల దగ్గర నువ్వెలా ఉన్నావో చూస్తారు.

మీ దగ్గర వెయ్యి రూపాయల పరీక్షలు రోజూ జరుగుతూనే ఉంటాయి. సైటు చూపిస్తానని ఉదయం తొమ్మిదికి రమ్మన్న కస్టమర్ దగ్గరికి పదకొండుకు వెళ్తారు. మేస్త్రీకి శనివారం ఇస్తానన్న కూలీ మంగళవారం ఇస్తారు. ‘ఐదు నిమిషాల్లో ఫోన్ చేస్తా’ అని రెండు రోజులకు కూడా చేయరు. ఇవన్నీ చిన్నవిగా కనిపిస్తాయి, ఎవరూ మొహం మీద నిలదీయరు. కానీ ఆ మేస్త్రీకి పెద్ద పని దొరికినప్పుడు మీ పేరు చెప్పడు. ఆ కస్టమర్ తన బావమరిదికి మీ నంబరు ఇవ్వడు. మీకు తెలియకుండానే మీ గిరాకీ తగ్గిపోతుంది, మీరేమో మార్కెట్ బాగాలేదనుకుంటారు. ఇవాళ కూర్చుని మీరు ఎవరెవరికి ఏ తేదీకి ఏం ఒప్పుకున్నారో ఒక కాగితం మీద రాయండి. డబ్బు బాకీలే రాయకండి, మాట బాకీలు కూడా రాయండి. తీర్చలేనిది ఉంటే గడువుకు ముందే మీరే వెళ్లి చెప్పండి. గడువు దాటాక చెప్పే కారణాన్ని ఎవరూ చెవిన పెట్టరు.

గంటన్నర మాట్లాడగలరా?

కె.పి.సింగ్ చెప్పుకున్న మరో సంఘటన ప్రసిద్ధమైంది. 1980ల తొలినాళ్లు. ఎండ మండిపోతోంది. ఆయన రైతులతో బావి దగ్గర కూర్చుని ఉన్నారు. దారిన పోతున్న ఒక జీపు ఇంజను వేడెక్కి ఆగింది. నీళ్ల కోసం వచ్చారు. జీపులో ఉన్నది రాజీవ్ గాంధీ. అప్పటికి ఆయన ప్రధాని కాలేదు. ఇక్కడేం చేస్తున్నారని అడిగారు. కె.పి.సింగ్ మొదలుపెట్టారు: ఇక్కడ నగరం ఎందుకు రావాలి, ఏ చట్టం ఎక్కడ అడ్డుపడుతోంది, ప్రైవేటువాళ్లను రానిస్తే ప్రభుత్వానికి ఏం లాభం. సంభాషణ గంటన్నర సాగిందట.

ఈ కథ విన్నవాళ్లు ‘అదృష్టమంటే అదీ’ అంటారు. జీపు ఆగడం అదృష్టమే, ఒప్పుకుంటాను. గంటన్నర పాటు అవతలి మనిషిని కూర్చోబెట్టగలగడం మాత్రం అదృష్టం కాదు. తన పని గురించి చట్టంలోని సెక్షన్ నుంచి సైటులోని బావి లోతు దాకా తెలిసినవాడే అలా మాట్లాడగలడు. మీకు రేపు లిఫ్టులో ఒక పెద్దాయన తటస్థపడి ‘ఏం చేస్తుంటావు బాబూ’ అంటే ఏం చెబుతారు? ‘రియల్ ఎస్టేట్ సార్’ అని విజిటింగ్ కార్డు ఇచ్చి ఊరుకుంటారా? మీ ప్రాంతంలో వచ్చే మాస్టర్ ప్లాన్ ఏమిటి, ఏ సర్వే నంబర్లు చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) పరిధిలో ఉన్నాయి, లేఅవుట్ అనుమతి ఏ మెట్టు మీద ఎందుకు ఆగుతుంది - ఇవి చెప్పగలిగితే ఆయనే తన కార్డు తీసి మీకిస్తాడు. చదవండి. తెలియని ఊళ్ల మార్కెట్ గురించి యూట్యూబ్‌లో చూసే గంటను మీ మండలం మాస్టర్ ప్లాన్ చదవడానికి మళ్లించండి.

ఆ సిద్ధపాటే 1989లో మళ్లీ పనిచేసింది. జనరల్ ఎలక్ట్రిక్ అధినేత జాక్ వెల్చ్ భారత్ వచ్చినప్పుడు కె.పి.సింగ్ దగ్గరుండి ఆతిథ్యం చూసుకున్నారు. ఆ పర్యటనను వెల్చ్ తన ఆత్మకథలో ఆప్యాయంగా గుర్తుచేసుకున్నారు. తర్వాత 1997లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తన ఆర్థిక సేవల బ్యాక్ ఆఫీసును గుర్‌గావ్‌లో మొదలుపెట్టింది. ఇప్పటి జెన్‌ప్యాక్ట్‌కు మూలం అదే. ఒక పెద్ద కంపెనీ వస్తే మిగతావి వరుస కడతాయి. పొలాల మీద అద్దాల భవనాలు లేచాయి.

అవసరం ఎవరిది?

2007 జులైలో డీఎల్‌ఎఫ్ షేర్లు మార్కెట్‌కు వచ్చాయి. షేరు 525 రూపాయల చొప్పున 9,187 కోట్లు సమీకరించింది. దేశంలో అప్పటివరకు అంత పెద్ద తొలి పబ్లిక్ ఇష్యూ (ఐపీఓ) లేదు. 2008 మొదట్లో షేరు 1,200 దాటింది. ఆ ఏడాది ప్రపంచ ఆర్థిక సంక్షోభం తాకాక 2009 మార్చికి 200 కంటే కిందికి పడిపోయింది. ఫోర్బ్స్ జాబితాలో ఎనిమిదో స్థానం మళ్లీ రాలేదు. మార్కెట్ లేపింది, మార్కెటే దించింది. దీని గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

ఆలోచించాల్సింది 2011 ఆగస్టు గురించి. గుర్‌గావ్‌లోని బెలైర్ అనే సముదాయంలో ఫ్లాట్లు కొన్నవాళ్లు సంఘంగా ఏర్పడి కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. పందొమ్మిది అంతస్తులని చెప్పి అమ్మారు, ఇరవై తొమ్మిదికి పెంచారు. ఒప్పంద పత్రం చూస్తే కొనుగోలుదారు వాయిదా ఆలస్యం చేస్తే భారీ వడ్డీ, కంపెనీ ఆలస్యం చేస్తే నామమాత్రపు పరిహారం. ప్లాన్ మార్చే అధికారం కంపెనీకి, ఎదురుచెప్పే వీలు లేకపోవడం కొన్నవాడికి. మార్కెట్‌లో తనకున్న ఆధిపత్యాన్ని కంపెనీ దుర్వినియోగం చేసిందని తేల్చి కమిషన్ 630 కోట్ల జరిమానా వేసింది. 2014లో అప్పీలు ట్రిబ్యునల్ కూడా దాన్ని సమర్థించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

నాకు ఈ మొత్తం కథలో గుండెకు తగిలేది ఇదే. ఎదుటివాడు రైతు అయినప్పుడు ముప్పై సంతకాల దాకా ఓపిక పట్టిన సంస్థ అది. ఎదుటివాడు ఫ్లాటు కొనే ఉద్యోగి అయ్యేసరికి, అతని ముందు మార్చడానికి వీల్లేని అచ్చు ఒప్పందం పెట్టి సంతకం చేయమంది. తేడా ఎక్కడుంది? రైతు దగ్గర అవసరం కంపెనీది. ఫ్లాటు కొనేవాడి దగ్గర అవసరం అతనిది. మన అవసరం ఉన్నప్పుడు మంచిగా ఉండటం ప్రతివాడికీ చేతనవుతుంది. ఎదుటివాడు మన గుమ్మంలో నిలబడ్డప్పుడు, మనం కాదంటే వెళ్లడానికి అతనికి ఇంకో చోటు లేనప్పుడు, అప్పుడు మనం రాసే ఒప్పందంలో మన అసలు స్వభావం కనిపిస్తుంది.

ఇది కోట్ల కంపెనీలకే వర్తించే సంగతి అనుకోకండి. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు, పనిమనిషి జీతం కోసేటప్పుడు, కొత్తగా చేరిన కుర్రాడి రాజీనామా ఆమోదించేటప్పుడు మీరు అవతలి గట్టున ఉంటారు. ఎదగడమంటే మన మీద ఆధారపడేవాళ్లు పెరగడమే. అలా పెరిగే ప్రతి మెట్టు దగ్గరా ‘కిందటేడు ఇదే మనిషి నాకు అవసరమై ఉంటే ఎలా మాట్లాడేవాణ్ణి?’ అని ఒకసారి ఆగి ప్రశ్నించుకోండి.

ఆ తర్వాతి ఏళ్లు కంపెనీకి కష్టంగానే నడిచాయి. పబ్లిక్ ఇష్యూ సమయంలో వివరాలు దాచారంటూ 2014లో సెబీ మూడేళ్ల నిషేధం విధించింది. మరుసటి ఏడాది అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. అప్పు 20,000 కోట్లు దాటింది. హోటళ్లు, గాలిమరలు, బీమా అంటూ నలుదిక్కులా చాచిన చేతులను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ముంబైలో 2005లో 702 కోట్లకు కొన్న మిల్లు స్థలాన్ని 2012లో లోధా సంస్థకు అమ్మారు. విదేశీ హోటళ్ల గొలుసు అమన్ రిసార్ట్స్‌ను వదిలించుకున్నారు. 2017లో అద్దెలొచ్చే ఆఫీసు భవనాల కంపెనీలో మూడో వంతు వాటాను సింగపూర్ ప్రభుత్వ నిధి జీఐసీకి ఇచ్చి, ప్రమోటర్లు ఆ సొమ్ములో అధిక భాగాన్ని మళ్లీ డీఎల్‌ఎఫ్‌లోనే పెట్టారు. కుటుంబం ఆ డబ్బు పట్టుకుని పక్కకు తప్పుకుని ఉండవచ్చు. అలా చేయకపోవడం నాకు నచ్చింది. ఇష్టపడి కొన్నదాన్ని అమ్మి అప్పు కట్టడానికి గుండెదిటవు కావాలి. కారు ఈఎంఐ కట్టలేకపోతున్నా పరువు పోతుందని అమ్మకుండా, ఇంకో చోట అప్పు చేసే స్నేహితులు మీకూ ఉంటారు. 2020 జూన్‌లో, తొంభైకి దగ్గరపడిన వయసులో, కె.పి.సింగ్ ఛైర్మన్ పదవిని కొడుకు రాజీవ్ సింగ్‌కు అప్పగించారు.

గుర్‌గావ్ ఊరు మాటేమిటి? లోపల పచ్చిక, స్విమ్మింగ్ పూల్, జనరేటరు. గేటు దాటితే ట్యాంకర్ నీళ్లు, పొంగే మురుగు. ఆ నగరానికి నగరపాలక సంస్థ 2008లో గానీ ఏర్పడలేదు. భవనాలు ముందొచ్చాయి, కాలువలు వెనకబడ్డాయి. 2016 జులైలో ఒక వానకు జనం రాత్రంతా రోడ్ల మీదే ట్రాఫిక్‌లో చిక్కుకుపోయారు. దీనికి బాధ్యత ప్రభుత్వానిది ఎంతో, బిల్డర్లది ఎంతో అక్కడివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇద్దరికీ ఉందన్నది నా అభిప్రాయం. మన హైదరాబాద్ పడమటి శివార్లలో నలభై అంతస్తులు లేపుతున్న మిత్రులు, విజయవాడ, విశాఖల్లో కొత్త వెంచర్లు వేస్తున్నవాళ్లు ఒక్కసారి గుర్‌గావ్ వెళ్లి వానాకాలంలో చూసి రావాలి. మీ ప్రహరీ దాటాక ఆ వాన నీరు ఏ కాలువలో కలుస్తుంది, ఆ కాలువ ఏ చెరువుకు వెళ్తుంది అన్నది కూడా మీ ప్లానులో భాగమే. అమ్మిన తర్వాత కూడా ఆ ఇళ్లలో మీ పేరు మీద మనుషులు బతుకుతుంటారు.

చివరగా, ఇవాళ ఈ రంగంలో ఉన్నవాళ్లకు సూటిగా కొన్ని మాటలు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చే సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టుకే వాడాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా పది శాతానికి మించి పుచ్చుకోకూడదు. ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. ఇవేమీ తెలియనట్టు హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్ పేరిట, యూడీఎస్ (భూమిలో విడదీయని వాటా) పేరిట, అనుమతులు రాకముందే మొత్తం డబ్బు కట్టించుకున్న సంఘటనలు మనం చూశాం. రిటైరైన టీచర్లు, గల్ఫ్‌లో చెమటోడ్చి వచ్చినవాళ్లు అందులో ఉన్నారు. మీరు ఏజెంటుగా కమీషన్ తీసుకుని అలాంటిది అమ్మించి ఉంటే, ఆ కస్టమర్ ఫోన్ చేసినప్పుడు ఎత్తండి. కంపెనీ ఎత్తకపోయినా మీరు ఎత్తండి. ఏం జరిగిందో తెలిసినంత చెప్పండి, రెరాలో ఫిర్యాదు ఎలా చేయాలో చూపించండి, అవసరమైతే వెంట వెళ్లండి. పుచ్చుకున్న కమీషన్ వెనక్కి ఇవ్వగలిగితే ఇవ్వండి. ఇంకా అమ్మనివాళ్లు, రెరా నంబరు లేని బ్రోచర్ చేతికిస్తే తిరిగి ఇచ్చేయండి. ఆ నెల మీ టార్గెట్ తప్పుతుంది. మీ మేనేజర్ నాలుగు మాటలంటాడు. పడండి.